ఉద్దానం వెళ్లిన డాక్టరమ్మకు

చి. అమ్మడూ,

నీకు ఉద్దానంలో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మాట వినని ఇల్లుండదు. జబ్బు గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు, నా కంటే కొత్త పుస్తకాలు చదివావు. రోగితో మాట గురించే రాస్తున్నాను.

రోగిని గద్దించకు. మన ఆసుపత్రుల్లో తిట్టడం కూడా వైద్యంలో భాగమన్నట్టు నడిచిపోతోంది. "ఆయన తిడతాడు గానీ హస్తవాసి మంచిది" అని జనమే సర్దిచెప్పుకుంటారు. ఆ మెప్పు నమ్మకు. తిట్లు తిన్న మనిషి మళ్లీ వస్తాడు, నిజాన్ని మాత్రం ఇంట్లో పెట్టి వస్తాడు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో రోజంతా ఒళ్లొంచి పనిచేసినవాళ్లు సాయంత్రం ఆర్ఎంపీ చేత సూది వేయించుకుంటారు, కొట్లో బిళ్లలు కొనుక్కుంటారు. డైక్లోఫెనాక్ లాంటివి అసలే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. "నొప్పి మాత్రలు మింగుతున్నావా?" అని కళ్లెర్రజేశావో, "నానేటీ వాడ్నేదమ్మా" అంటారు, అంతే. "పనికెళ్లొచ్చాక ఒళ్లు సలిపితే ఏం చేస్తారు?" అని అడిగి చూడు. ఆర్ఎంపీ సంగతి వాళ్లే చెబుతారు. అప్పుడు ఆయన్నీ తిట్టకు. అర్ధరాత్రి పిలిస్తే తలుపు తీసేది ఆయనే. నీకూ ఆయనకీ మధ్య ఒకరిని ఎంచుకోమంటే నువ్వు ఓడిపోతావు.

ఓపీ చాంతాడంత ఉంటే వినే తీరికెక్కడ పెదనాన్నా అంటావు. 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక అనేక దేశాల లెక్కలు ప్రచురించింది. మన దేశంలో డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చేది సుమారు 2 నిమిషాలేనట. అంతకుముందు 2002లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ ఆసుపత్రిలో ఇంకో పరీక్ష చేశారు: రోగిని మధ్యలో ఆపకుండా, చెప్పాలనుకున్నదంతా చెప్పనిచ్చారు. రోగులు సగటున 92 సెకన్లలో ముగించారు! మనవాళ్లు కాస్త ఎక్కువే మాట్లాడతారనుకో, అయినా కొత్తగా వచ్చిన రోగికైనా ఆ పాటి సమయం ఇవ్వు.

ఇక చెప్పడం. అక్కడ చదువు రాని అవ్వకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు, పక్కింటాయన అంకె ఎంతో కూడా తెలుసు. కిడ్నీల పనితనం సగం దాకా తగ్గితే గానీ ఆ అంకె పెరగదని నీకు తెలుసు, వాళ్లకు తెలియదు. పైగా ఆ ప్రాంతంలో షుగరూ బీపీ లేకుండా, వాపులు రాకుండా జబ్బు ముదురుతుంది. బాగానే ఉన్నాననుకుంటూ వచ్చిన మనిషికి కాగితం చూసి కబురు చెప్పాల్సింది నువ్వు. "కిడ్నీలు పోయాయి" అనే మాట మాత్రం నీ నోట రానీయకు. ఇంకా ఎంత పనిచేస్తున్నాయో ముందు చెప్పు. భార్యో కొడుకో పక్కనుంటే మరీ మంచిది.

"నాకే ఎందుకొచ్చిందమ్మా?" అని తప్పకుండా అడుగుతారు. నీళ్లలో సిలికా, ఎండలో చాకిరీ, పురుగుమందులు, వంశం... అనుమానాలే గానీ ఏదీ ఇదమిత్థమని తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చి రక్తమూ నీళ్లూ పట్టుకెళ్లాయి. జనం విసిగిపోయి ఉన్నారు. కాబట్టి "తెలియదు" అనేయ్. చిన్నతనమనుకోకు, తడుముకోకుండా కారణాలు చెప్పినవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు. ఆ వెంటనే తెలిసినవి చెప్పు: నొప్పి మందులు మానడం, బీపీ చూపించుకోవడం, ఎండలో పనిచేసేటప్పుడు మధ్యమధ్య నీడకు రావడం, చెప్పిన గడువుకు మళ్లీ రక్తపరీక్ష.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఒకరిద్దరు "ఇక మానేస్తానమ్మా" అంటారు. నీకు కోపం వస్తుంది. అందులో సగం మన చేతగానితనం మీద కోపమే. ఆ పూట వాదన పెట్టుకోకు. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా 4 గంటలు మంచం మీద. రానుపోను ఖర్చు, తోడొచ్చే కొడుకు పోగొట్టుకునే కూలి. వీటిలో దేని దగ్గర ఆగిపోయిందో కనుక్కో. ఒక్కోసారి ఆటో డబ్బుల దగ్గరే ఆగి ఉంటుంది.

ఇంకొకటి. ఏ ఇంట్లో ఎవరు ఏ బిళ్లలు మింగుతున్నారో మీ ఆశా కార్యకర్తకు నీకంటే ముందే తెలుస్తుంది. ఆమెను కూర్చోబెట్టి అడుగు. ఆమె చెప్పిందని మాత్రం రోగి ముందు అనకు, ఆమె అదే వీధిలో బతకాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న