మీటరు లోపల, సెన్సరు బయట: మధ్యలో ఒక రేకు గోడ

మే నెలలో ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం వింతేమీ కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం బిలాస్‌పూర్-రాయపూర్ రహదారి మీద, చకర్‌భాటా దగ్గర, ధాన్యం బస్తాలతో ఒక పికప్ బండి వెళ్తోందనుకుందాం. డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది. ఇంజన్ చుట్టూ తిరిగే నీరు 80 డిగ్రీల దగ్గర ఉన్నా ముల్లు అక్కడే ఉంటుంది, 105 దగ్గర ఉన్నా దాదాపు అక్కడే ఉంటుంది. ఇది మీటరు చెడిపోవడం కాదు. ముల్లు కాస్త అటూ ఇటూ కదిలితే కంగారుపడి షోరూముకు పరుగెత్తేవాళ్లు ఉంటారని, చాలా కొత్త బండ్లలో తయారీదారులే దాన్ని అలా అమర్చుతున్నారు. చివరికి ముల్లు కదిలేసరికి ఇంజన్ హెడ్డు గ్యాస్కెట్‌కు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండవచ్చు.

ఆయిల్ ప్రెషర్ సంగతి ఇంకా అన్యాయం. చాలా పికప్‌లలో దానికి మీటరే ఉండదు, ఒక ఎర్ర దీపం ఉంటుంది. వేడెక్కిన ఇంజన్ పరుగులో ఉన్నప్పుడు ఆయిల్ పీడనం మామూలుగా 3 నుంచి 5 బార్ల మధ్య ఉంటుంది. ఎర్ర దీపం వెలిగేది అది సుమారు అర బారుకు పడిపోయాకే. మధ్యలో జరిగే పతనం డ్రైవరుకు కనబడదు.

బండి మీదే కుటుంబం బతికేవాళ్లు విడిగా మీటర్లు కొని పెట్టించుకోవడానికి కారణం ఇదే. ఉష్ణోగ్రతకు ఒకటి, ఆయిల్ ప్రెషర్‌కు ఒకటి, బ్యాటరీ వోల్టేజికి ఒకటి. మీటరును డ్యాష్‌బోర్డు మీద బిగించడం పది నిమిషాల పని. అసలు చిక్కు దాని తీగను ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి తేవడంలో ఉంది. ఇంజన్ బాగు కోసం పెట్టిన మీటరు బండినే తగలబెట్టే ప్రమాదం ఉన్నది ఆ ఒక్క చోటే.

గోడ ఎందుకుంది

ఇంజన్‌కూ డ్రైవరు కాళ్లకూ మధ్య ఉండే ఉక్కు రేకును ఫైర్‌వాల్ అంటారు. భవనాల్లో ఒక గది మంట పక్క గదికి పాకకుండా కట్టే గోడ పేరే బండ్లకూ వచ్చింది, ఆ తరవాత కంప్యూటర్లకూ వెళ్లింది. రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. మంట, వేడి, చప్పుడు, ఆయిల్ ఆవిరి, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి రాకుండా చూడటం దీని పని. స్టీరింగ్ రాడ్డు, బ్రేకు బూస్టరు, హీటరు పైపులు, లావాటి వైర్ల కట్ట దీంట్లోంచే వెళ్తాయి. కంపెనీ చేసిన ఆ రంధ్రాల్లో ప్రతిదానికీ రబ్బరు మూత ఉంటుంది. అక్కడ కొత్త రంధ్రం చేసే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దీంట్లోంచి వెళ్లేది సమాచారమా, శక్తా?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆవిరి ఇంజన్ల రోజులు చూసిన పెద్దలకు ఈ ప్రశ్న తేలిగ్గా అర్థమవుతుంది. ఆవిరి ఇంజన్ డ్రైవరు ముందుండే పెద్ద ప్రెషర్ గేజ్‌లో ఒక వంపు తిరిగిన లోహపు గొట్టం ఉండేది. పీడనం పెరిగితే ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బోర్డాన్ దీనికి పేటెంటు పొందాడు. ఇది పని చేయాలంటే బాయిలర్ పీడనం సన్నటి గొట్టం గుండా డ్రైవరు ముఖం ముందుకు రావాల్సిందే. అంటే సమాచారంతో పాటు శక్తి కూడా వచ్చేది.

ఇప్పుడు అదే దారిలో పరుగెత్తే విద్యుత్ ఇంజన్ సంగతి చూడండి. పై తీగలో ఉండేది 25 కిలోవోల్టులు. లోకో పైలట్ ముందున్న మీటరు ఆ వోల్టేజిని చూపిస్తుంది. కానీ 25 కిలోవోల్టులు అక్కడిదాకా రావు. ట్రాన్స్‌ఫార్మరు దించిన చిన్న వోల్టేజి మాత్రమే వస్తుంది, మీటరు మీది అంకెలను ఆ నిష్పత్తిలో ముద్రిస్తారు.

పికప్‌కు మీటరు కొనేవాళ్లకు కూడా ఈ రెండు రకాలూ దుకాణంలో దొరుకుతాయి. యాంత్రిక ఆయిల్ ప్రెషర్ గేజ్ బోర్డాన్ గొట్టంతోనే పని చేస్తుంది. చవక, నమ్మకమైనది, బ్యాటరీతో పని లేదు. కానీ వంద డిగ్రీల వేడి ఆయిల్ ఒక సన్నటి గొట్టంలో ఫైర్‌వాల్ దాటి డ్రైవరు మోకాళ్ల దగ్గరికి వస్తుంది. గొట్టం పగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పాత జీపుల్లోని ఆంపియర్ మీటరుదీ అదే తీరు. ఛార్జింగ్ కరెంటు మొత్తం లావాటి తీగలో డ్యాష్‌బోర్డుదాకా వచ్చి, మీటరు గుండా ప్రవహించి, మళ్లీ బ్యాటరీకి వెళ్లేది. ఆయిల్ గొట్టం, ఆంపియర్ తీగ రెండింటినీ నేటి పికప్‌లో ఫైర్‌వాల్ దాటించకపోవడమే మేలు.

విద్యుత్ గేజ్‌లో ఇంజన్ దగ్గర ఒక సెన్సరు, క్యాబిన్‌లో ఒక మీటరు, మధ్యలో ఒకే ఒక్క సన్నటి తీగ ఉంటాయి. ఉష్ణోగ్రత సెన్సరులో థర్మిస్టర్ అనే అర్ధవాహకపు బిళ్ల ఉంటుంది. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చల్లటి ఇంజన్‌లో వందల, వేల ఓమ్‌లు ఉన్నది మరిగే వేడికి పదో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. ఆ మార్పునే మీటరు డిగ్రీలుగా చూపిస్తుంది. తీగలో ప్రవహించేది మిల్లీ ఆంపియర్లు మాత్రమే. ఈ తీగ ఒరుసుకుని రేకుకు తగిలితే మీటరు నిరోధం సున్నా అనుకుని ముల్లును వేడి చివరకు తోసేస్తుంది. తెగిపోతే ముల్లు చల్లటి చివరన పడి ఉంటుంది. డ్రైవరుకు తప్పుడు కబురు అందుతుంది కానీ మంట రాదు.

మీటరుకు కావలసిన 12 వోల్టులను బ్యాటరీ నుంచి లాగనక్కర్లేదు. క్యాబిన్‌లోనే ఉన్న ఫ్యూజ్ పెట్టెలో, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి తీసుకోవచ్చు. అలా చేస్తే ఫైర్‌వాల్ దాటేది సెన్సరు తీగ ఒక్కటే. ఇంత తేలికైన దారిని వదిలి చాలామంది బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా తీగ లాగుతారు.

బ్యాటరీ తీగ రేకుకు తగిలితే

ఆ తీగ దారిలో ఏం జరగగలదో లెక్క వేద్దాం. మీటర్లకు సాధారణంగా వాడే తీగలో రాగి అడ్డుకోత అర చదరపు మిల్లీమీటరు. మీటరు పొడవుకు దాని నిరోధం 0.034 ఓమ్‌లు. బ్యాటరీ నుంచి ఫైర్‌వాల్‌కు రెండు మీటర్లనుకుంటే దాదాపు 0.07. బ్యాటరీ లోపలి నిరోధం మరో 0.01. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 67 సార్లు మండుతుంది, అన్నిసార్లు వణుకుతుంది. రోజుకు 8 గంటలు నడిచే బండిలో ఇది 19 లక్షల కుదుపులు. తీగ మీది ప్లాస్టిక్ పొర చాలా రకాల్లో అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. డ్రిల్లు చేసి వదిలేసిన రేకు అంచు కత్తిలా ఉంటుంది. ఏదో ఒక రోజు రాగి బయటపడి బాడీకి తగులుతుంది, బాడీయే బ్యాటరీ మైనస్.

ఓమ్ నియమం ప్రకారం కరెంటు సుమారు 160 ఆంపియర్లు. ఆ తీగలో పుట్టే వేడి 1,700 వాట్లు దాటుతుంది. ఇంట్లో నీళ్లు కాచే ఎలక్ట్రిక్ కెటిల్ 1,500 వాట్లు ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వేడి ఇక్కడ కేవలం 9 గ్రాముల రాగిలోకి దిగుతోంది. రాగి ఉష్ణోగ్రత సెకనుకు 500 డిగ్రీల చొప్పున పెరగడం మొదలుపెడుతుంది. అర సెకనులోపే ప్లాస్టిక్ పొర మెత్తబడి, ఆ వెంటనే పొగలు కక్కుతుంది. పక్కనే డీజిల్ పైపు, ఆయిల్ మరకలు, నూలు పీచుతో నిండిన శబ్ద నిరోధక పరుపు ఉంటాయి.

నిజానికి మొదటి తాకిడి ఇంత గట్టిగా ఉండకపోవచ్చు. రేకు అంచుకు తీగ అరకొరగా తగిలితే అక్కడే ఒకటిన్నర ఓమ్‌ల నిరోధం ఉండవచ్చు. అప్పుడు పారేది 8 ఆంపియర్లే, కానీ ఆ ఒక్క బిందువు దగ్గర దాదాపు 95 వాట్ల వేడి పుడుతుంది. ఫోన్లు బాగుచేసే దుకాణంలోని సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి నాలుగు ఒకే చోట పెట్టినట్టు. తీగకు 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే అది 8 ఆంపియర్లకు ఎగరనే ఎగరదు, హాయిగా కూర్చుని చూస్తుంది.

అందుకే ఫ్యూజ్ విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, పెద్ద ఫ్యూజ్ వేయడం. మీటరు, దాని దీపం కలిపి ఒక ఆంపియరు కూడా తీసుకోవు, కాబట్టి ఊదా రంగు 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. పైన చెప్పిన 8 ఆంపియర్ల ఒరుపుకు అది కొద్ది సెకన్లలోనే కరుగుతుంది. రెండోది, దాన్ని మీటరు వెనక, క్యాబిన్‌లో పెట్టడం. ఫ్యూజ్ కాపాడేది తనకు ముందున్న భాగాన్ని కాదు, తన తరవాత ఉన్న తీగను. క్యాబిన్‌లో ఫ్యూజ్ పెడితే బ్యాటరీ నుంచి రంధ్రం దాకా ఉన్న రెండు మీటర్లకూ రక్షణ లేనట్టే, ప్రమాదం ఉన్నదీ ఆ రెండు మీటర్లలోనే. అమెరికాలో పడవల వైరింగ్‌కు వాడే ప్రమాణం బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపే ఫ్యూజ్ ఉండాలంటుంది. పికప్‌కూ ఆ కొలత బాగానే పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే మెలిక ఒకటుంది. ఆంపియర్ మీటరుకు బదులు షంట్ వాడొచ్చు. షంట్ అంటే బ్యాటరీ దగ్గరే ఉండే ఒక చిన్న లోహపు పట్టీ. దాని రెండు చివరల మధ్య వచ్చే కొన్ని మిల్లీవోల్టుల తేడాను రెండు సన్నటి తీగలు లోపలికి తెస్తాయి. మిల్లీవోల్టులే కదా, ఫ్యూజ్ ఎందుకు అనిపిస్తుంది. కానీ షంట్ ప్లస్ వైపు ఉంటే, ఆ రెండు తీగలూ బాడీతో పోల్చితే 12 వోల్టుల మీద ఉంటాయి. రేకుకు తగిలితే అవీ బ్యాటరీ తీగల్లాగే మండుతాయి. రెండింటికీ బ్యాటరీ చివరనే ఫ్యూజ్ ఉండాలి.

రంధ్రం దగ్గర

డ్రిల్లు చేతికి తీసుకునే ముందు కంపెనీ వదిలిన దారి ఉందేమో చూడాలి. చాలా బండ్లలో వాడకుండా రబ్బరు బిళ్ల పెట్టి మూసిన రంధ్రం ఒకటైనా ఉంటుంది. పెద్ద వైర్ల కట్ట వెళ్లే గ్రోమెట్‌కు పక్కన ఖాళీ మొన కూడా కనిపించవచ్చు. ఆ గ్రోమెట్‌ను మొనదేలిన స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలి తీగల పొర చిరుగుతుంది. మొద్దు కొన ఉన్న ప్లాస్టిక్ పుల్లకు తీగ చుట్టి నెట్టడం మేలు. వారంటీ ఉన్న బండైతే పని మొదలుపెట్టకముందే షోరూములో అడిగి తెలుసుకోవాలి.

కొత్త రంధ్రం తప్పదంటే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. ప్లస్ ముందు తీస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వ రావచ్చు. మైనస్ తీసేటప్పుడు పానా బాడీకి తగిలినా ఏమీ కాదు, రెండూ ఒకటే కనుక. రేకుకు అవతలి వైపు బ్రేకు పైపు గానీ హీటరు పెట్టె గానీ లేవని చేత్తో తడిమి చూసుకోవాలి. రంధ్రం వెడల్పు తీగకు కాదు, గ్రోమెట్ గాడికి సరిపోవాలి. ఆకురాయితో అంచు నున్నగా చేసి రంగు పూయాలి, లేకపోతే మొదటి వానలకే తుప్పు మొదలై గ్రోమెట్ వదులవుతుంది. తీగను ఎగ్జాస్ట్ గొట్టానికీ టర్బోకూ దూరంగా తీసుకుపోవాలి. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది కాబట్టి దాని దగ్గర కాస్త వదులు ఉంచాలి. రంధ్రానికి కొంచెం ముందు తీగ కిందికి వంగి మళ్లీ పైకి లేవాలి. వర్షపు నీరు ఆ వంపులో జారి కింద పడుతుంది, లోపలికి రాదు.

సెన్సరు మరకు టెఫ్లాన్ టేపు ఎక్కువగా చుట్టొద్దు. ఒకే తీగ ఉన్న సెన్సరులో కరెంటు తిరిగి వెళ్లే దారి ఆ మరలే, టెఫ్లాన్ విద్యుత్‌ను ఆపేస్తుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా కొలత తప్పుతుంది. ఆ పట్టీలో 0.005 ఓమ్‌ల అదనపు నిరోధం ఉండి 40 ఆంపియర్లు ప్రవహిస్తే 0.2 వోల్టులు అక్కడే పోతాయి. దీన్ని పట్టుకోవడం సులభం. హెడ్‌లైట్లు వేయగానే ఉష్ణోగ్రత ముల్లు కదిలితే దోషం ఇంజన్ వేడిది కాదు, ఎర్త్‌ది.

బిగించే ముందు సెన్సరును ఒకసారి పరీక్షించుకోవచ్చు. సెన్సరు లోహపు ఒంటిని ఒక తీగతో బ్యాటరీ మైనస్‌కు కలిపి, కొనను మరిగే నీళ్లలో ముంచి, మీటరు ఏం చూపిస్తుందో చూడాలి. చకర్‌భాటా సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీరు మరిగేది 99 డిగ్రీల దగ్గర. ముల్లు ఆ గీతకు రెండు మూడు డిగ్రీల తేడాలో నిలబడితే సెన్సరు బాగున్నట్టే. బండిలో మాత్రం రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్‌లా సుమారు ఒక బారు అదనపు పీడనం నిలుపుతుంది, అందుకే నీరు 120 డిగ్రీల దాకా మరగదు. 100 దాటగానే బండి ఆపేయనక్కర్లేదు. ముల్లు 110 దగ్గరికి వచ్చి ఇంకా ఎక్కుతుంటే పక్కకు తీసి, ఇంజన్‌ను కాసేపు నిదానంగా తిరగనివ్వాలి. అప్పటికీ దిగకపోతే ఆపేయాలి. రేడియేటరు మూత మాత్రం చల్లారేదాకా తెరవకూడదు.