అడ్వాన్సు తీరేదాకా కదలొద్దనే హక్కు ఎవరికుంది?

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేసి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డారు. నేను ఇక్కడే చిన్న చిన్న సివిల్ పనులు చేయిస్తుంటాను. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ కాంట్రాక్టరు దగ్గర సబ్ కాంట్రాక్టు తీసుకుని ప్రహరీ గోడ, డ్రెయిన్లు కట్టిస్తున్నాను. కూలీలను ఒడిశా నుంచి మేస్త్రీ తెచ్చాడు. బయల్దేరేముందే జంటకు ఇంత అని అతని చేత అడ్వాన్సు ఇప్పించాను. వాళ్లలో కొన్ని కుటుంబాలు ఇంటికి పోతామంటున్నాయి. అడ్వాన్సు తీరకుండా ఎలా పోతారంటూ మేస్త్రీ వాళ్ల ఆధార్ కార్డులు, ఫోన్లు తీసి దాచాడు. కూలీలతో నాకు నేరుగా ఏ ఒప్పందమూ లేదు. ఇందులో నా మీదకు వచ్చేదేమైనా ఉందా?

జవాబు: ఉంది. చట్టం తరవాత చెబుతాను, ముందు చేయవలసిన పని వినండి. ఈరోజే సైటుకు వెళ్లి ఆ కార్డులు, ఫోన్లు మీ కళ్లెదుటే ఎవరివి వాళ్లకు ఇప్పించండి. ఇప్పటిదాకా చేసిన పనికి లెక్క కట్టి, వాళ్ల భాష తెలిసినవాళ్ల చేత చదివించి వినిపించి, డబ్బు చేతికివ్వండి. పోతామన్నవాళ్లను పోనివ్వండి. అడ్వాన్సు మాట అప్పుడు ఎత్తకండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

వెట్టి అనగానే మనవాళ్లకు తెలంగాణ దొరల గడీలు, తరాల తరబడి పాలేర్లుగా బతికిన కుటుంబాలు గుర్తొస్తాయి. అదంతా ఎప్పుడో పోయిందనుకుంటాం. కానీ 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దొరల గురించే రాసింది కాదు. అది అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ముందుగా డబ్బు ఇచ్చారా? దాన్ని చూపి మనిషిని కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయిస్తున్నారా? వేరే పనికి పోకుండా ఆపుతున్నారా? నచ్చిన చోటికి కదలనివ్వడం లేదా? అడ్వాన్సుకు తోడు వీటిలో ఒక్కటి ఉన్నా అది వెట్టే. గొలుసులు, కాపలాలు అక్కర్లేదు. కాంట్రాక్టు కూలీలు, వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు ఇందులోకి రారన్న వాదనకు తావు లేకుండా 1985లో ఆ చట్టానికే ఒక వివరణ చేర్చారు. మీ సైటులో కార్డులు లాక్కుని ఆపడం అంటే సరిగ్గా ఇదే.

ఇలాంటి అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయిన అప్పు. దాన్ని వసూలు చేయడానికి కోర్టుకు పోలేరు. తిరిగి పుచ్చుకోవడమే నేరం. ఇది వెట్టి అప్పు కాదని నిరూపించవలసిన బాధ్యత కూడా ఇచ్చినవాడిదే. అడ్వాన్సు మాట ఎత్తొద్దన్నది అందుకే. స్వేచ్ఛగా పనిచేసే మనిషికి ఇచ్చిన మామూలు అడ్వాన్సును జీతంలోంచి కొంచెం కొంచెంగా కోసుకోవచ్చు. అప్పుడు కూడా అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదని వేతనాల కోడ్ చెబుతోంది. పని మానేసి పోయేవాడికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలని చెప్పేదీ అదే కోడ్.

1976 చట్టం కింద శిక్ష మూడేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. ఆ రెండు వేలు 1976 నాటి రెండు వేలు. దాన్ని ఇంకా మార్చకపోవడం అన్యాయం అనే నేనంటాను. అయితే తేలిగ్గా బయటపడొచ్చని ఎవరూ అనుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా గురించి చెబుతుంది. దోపిడీ చేసే ఉద్దేశంతో, మోసంతోనో బెదిరింపుతోనో డబ్బు ఆశ చూపో మనిషిని కుదిర్చినవాడు, తరలించినవాడు, తన దగ్గర ఉంచుకున్నవాడు, అప్పగించినవాడు, అందుకున్నవాడు అందరూ దానికి జవాబుదారులే. శిక్ష ఏడేళ్లకు తగ్గదు. ఒకరి కంటే ఎక్కువమంది అయితే పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా. వాళ్లే ఇష్టపడి వచ్చారన్న సమాధానం చెల్లదు. బాధితుడి సమ్మతితో పనిలేదని ఆ సెక్షనే తేల్చి చెప్పింది.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన మాట, ‘నేరుగా ఒప్పందం లేదు’ అన్నది. పెద్ద కంపెనీ కాంట్రాక్టరుకు ఇస్తుంది, కాంట్రాక్టరు మీకు, మీరు మేస్త్రీకి, మేస్త్రీ ఊళ్లో దలాలుకు చెబుతాడు. ఒక్కో మెట్టులో కొంత డబ్బు మిగులుతుంది, కొంత బాధ్యత జారిపోతుంది. చట్టం ఆ బాధ్యతను అలా జారిపోనివ్వదు. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, ఆ మొత్తాన్ని అతని బిల్లులో కోసుకోవాలి. ఇది 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉన్నదే. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. వెట్టి విషయంలో తెలిసి సాయపడినవాడికి చేసినవాడితో సమానంగా శిక్ష. ఆ అడ్వాన్సు మీరు ఇప్పించిందే. కార్డులు లాక్కున్న సంగతి ఇప్పుడు మీకు తెలుసు. తెలిసిన నాటి నుంచి మీ మౌనం కూడా సాక్ష్యమే.

పైనున్న పెద్ద కంపెనీలకూ ఇప్పుడు ఈ ప్రశ్నలు తప్పడం లేదు. బ్రిటన్ 2015లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చి, ఏడాదికి 3.6 కోట్ల పౌండ్ల పైబడి వ్యాపారం చేసే కంపెనీలు తమకు సరుకు, పని అందించే గొలుసులో బలవంతపు చాకిరీ లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటించాలంది. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. సెబీ మాత్రం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా ఇచ్చే బాధ్యతా నివేదికలో కనీస వేతనాల గురించి, బలవంతపు చాకిరీ ఫిర్యాదుల గురించి అడుగుతోంది. కాగితం మీద ఆ జవాబు రాసేది ముంబయిలోనో ఢిల్లీలోనో అయినా, అది నిజమో కాదో తేలేది మీ సైటులో మేస్త్రీ జేబులో ఎవరి ఆధార్ ఉందో చూస్తేనే.

వెట్టి కేసుల చరిత్రలో బిలాస్‌పూర్ పేరు ఎక్కడుందో మన రైల్వే కాలనీల్లో చాలామందికి తెలియదు. 1982లో ఫరీదాబాద్ రాతి క్వారీల నుంచి సుప్రీంకోర్టు ఉత్తర్వులతో 135 మంది కూలీలు విడుదలై సొంతూళ్లకు చేరారు. అప్పటి ఉమ్మడి బిలాస్‌పూర్ జిల్లా ముంగేలీ తహసీలు పల్లెలకు స్టేట్స్‌మన్ పత్రిక విలేకరి నీరజా చౌధురి వెళ్లి చూస్తే, విడుదలై నెలలు గడిచినా వాళ్లకు పునరావాసం అందలేదు. ఆమె రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 1984 మే 8న జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: గుర్తించి విడిపించినంత మాత్రాన సరిపోదు, బతుకుతెరువు చూపకపోతే వాళ్లు మళ్లీ అదే వెట్టిలోకి పోతారు, కాబట్టి పునరావాసం కూడా రాజ్యాంగపు 21, 23 అధికరణాల కిందకు వచ్చే హక్కే. దేశమంతటా ఇప్పటికీ చెప్పుకునే ఈ తీర్పు మన పక్కన ఉన్న పల్లెల ఆకలిలోంచి వచ్చింది.

ఆ ఫరీదాబాద్ క్వారీల్లోనే పనిచేసిన బంధువా ముక్తి మోర్చాను 1981లో స్థాపించిన స్వామి అగ్నివేశ్ తెలుగువాడు. శ్రీకాకుళం కుటుంబంలో వేప శ్యామ్‌రావుగా పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, సక్తి సంస్థానంలో దివానుగా ఉన్న అమ్మగారి తండ్రి దగ్గర పెరిగాడు. చాంపా దాటాక హౌరా లైను మీద వచ్చే సక్తి అదే. ఆ సంస్థ వేసిన కేసులో 1983 డిసెంబరు 16న సుప్రీంకోర్టు, బలవంతంగా పనిచేయిస్తున్నట్టు తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలని, లేదని యజమానే చూపించాలని చెప్పింది. మీ కూలీల చేతిలో ఒక్క కాగితమూ లేకపోయినా వాళ్ల మాట నిలబడేది ఆ తీర్పు వల్లే.

మీ సైటుకు ఒడిశా కూలీలు వచ్చినట్టే ఈ జిల్లాల వాళ్లు బయటికి పోతారు. కోతలయ్యాక బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మూటలు, గిన్నెలు, చంకలో పసిపిల్లలతో కూర్చున్నవాళ్లను మనమందరం చూస్తాం. ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉత్తరాది ఇటుక బట్టీలకు పోతారు. ఇక్కడివాళ్లు దీన్ని ‘ఖానే కమానే’ పోవడం అంటారు. బట్టీలో కూలీ వెయ్యి ఇటుకలకు ఇంత అని ఉంటుంది. లెక్క జంటకు కలిపి రాస్తారు. మట్టి తొక్కేది, అచ్చు పోసేది, ఎండలో ఇటుకలు తిరగేసేది భార్య కూడా అయినా పుస్తకంలో ఆమె పేరు ఉండదు. తిండికి వారం వారం కొంత ఇచ్చి, అసలు లెక్క సీజను చివర తేలుస్తారు. అప్పటికి రాసుకున్నది బట్టీ లెక్కలు చూసే మునిషీ ఒక్కడే. అతని అంకెను ఎదిరించడానికి కూలీ దగ్గర ఏమీ ఉండదు. మీ సైటులో జంట లెక్క ఉంటే మానేయండి. ఆమె పేరు, ఆమె హాజరు, ఆమె కూలీ విడిగా రాయండి, ఆమె ఖాతాలోనే వేయండి.

మీ ఇంట్లో పనిచేసే ఆమెకో, మీ వీధిలో రిక్షా తోలే అతనికో బంధువులు బట్టీకి బయల్దేరుతుంటే చెప్పవలసిన సంగతులు ఉన్నాయి. వెళ్లేముందు గ్రామ పంచాయతీలో ఉండే పలాయన్ పంజీలో, అంటే వలసల రిజిస్టరులో, కుటుంబంలో అందరి పేర్లు, దలాలు పేరు, ఫోన్ నంబరు, పోతున్న ఊరు రాయించాలి. ఆధార్ నకలు ఇంట్లో ఒకటి ఉంచాలి. తీసుకున్న అడ్వాన్సు ఎంతో ఫోనులోనే మాట రికార్డు చేసి ఇంట్లోవాళ్లకు పంపాలి. అక్కడ ఆపేశారని కబురు వస్తే ఆ రాష్ట్రానికి పరిగెత్తనక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయాలని నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. దానితోపాటు వాళ్లున్న జిల్లా కలెక్టరుకు ఒక దరఖాస్తు పెట్టాలి, ఎందుకంటే విచారించి విడిపించవలసిన అధికారం 1976 చట్టం ఆయనకే ఇచ్చింది.

విడిపించినప్పుడు చాలామంది చేసే పొరపాటు, వచ్చిన బండెక్కి ఇంటికి చేరిపోవడం. ఎస్‌డీఎం సంతకంతో విముక్తి పత్రం చేతికి వచ్చేదాకా కదలకూడదు. దాని మీదే పాత అప్పు రద్దయినట్టు రుజువు, దాని మీదే సాయం. కేంద్ర పథకం కింద వెంటనే 30,000 రూపాయల వరకు ఇవ్వాలి, దానికి కేసు తేలే దాకా ఆగనక్కర్లేదు. పూర్తి పునరావాసం పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ వంటి దారుణ సందర్భాల్లో మూడు లక్షలు. ఈ పెద్ద మొత్తం మాత్రం కేసు రుజువు కావడంతో ముడిపడి ఉంది, అందుకే ఎన్నో కుటుంబాలకు చేరడం లేదు. ఆ ముడి విప్పాలని కార్మిక సంఘాలు అడగడం న్యాయమైన కోరిక.

వకీలు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలని ఎవరూ ఆగిపోవద్దు. అక్రమ రవాణా బాధితులకు, వెట్టి బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్ర న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉన్నది బిలాస్‌పూర్‌లోనే. జిల్లా సంస్థ జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. ఫోనులో అయితే 15100. ప్లాట్‌ఫారం మీద భాష రాని పిల్లల గుంపును ఎవరో ఒకడు లెక్కపెట్టి బండెక్కిస్తున్నట్టు కనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి గాని, పిల్లల కోసం 1098కి గాని వెంటనే చెప్పండి. రైల్వే రక్షణ దళానికి దీనికోసమే ‘ఆపరేషన్ ఆహట్’ పేరుతో బృందాలున్నాయి. మీ అనుమానం తప్పయినా మీకు పోయేదేమీ లేదు.

ఇక మీ సంగతి. కార్డులు, కూలీ ఇచ్చేశాక, ఎవరికి ఎంత ఇచ్చారో సంతకాలతో ఒక కాగితం రాసుకుని పై కాంట్రాక్టరుకు కూడా నకలు పంపండి. వాళ్లు ఇంటికి పోవడానికి రైలు ఛార్జీ మీరే పెట్టండి, రాష్ట్రం దాటి వచ్చిన కూలీలకు ప్రయాణ భత్యం ఎలాగూ చట్టంలో ఉన్నదే. మేస్త్రీ ఒప్పుకోకపోతే అతనితో వాదిస్తూ కూర్చోకండి. జిల్లా కలెక్టరు కార్యాలయానికి మీరే రాతపూర్వకంగా తెలియజేయండి, ఆ పని ఈ వారంలోనే చేయండి.