తులసి తీర్థం పోయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 84 ఏళ్లు. కేన్సర్ ముదిరి ఆస్పత్రిలో ఉన్నారు. రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు, గొంతులో గురగుర. తులసి తీర్థం పోయబోతే నర్సు వద్దంది. సెలైనూ ఆపేశారు. ఆకలితో పంపేస్తున్నామా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేదమ్మా. తిండి మానేయడం వల్ల ఆయన వెళ్లిపోవడం లేదు. ఈ దశలో ఆకలి దానంతటదే చచ్చిపోతుంది. ఇప్పుడు సెలైన్ ఎక్కిస్తే వాపు, ఆయాసం పెరగొచ్చు. నర్సు చెప్పింది నిజమే. మింగలేని మనిషికి చెంచాడు నీళ్లు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలాగని తీర్థం మానక్కర్లేదు. శుభ్రమైన దూది అందులో ముంచి, గట్టిగా పిండి, పెదాలకూ నాలుకకూ అద్దండి. మామూలు నీళ్లతోనూ గంటకోసారి అలాగే తడుపుతుండండి. పెదాలు పగలకుండా ఏం రాయాలో నర్సునే అడగండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే మాత్రం వాజిలైన్ వద్దు.

ఆ గురగుర ఆయనకన్నా వినే మీకే ఎక్కువ బాధ. పక్కకు ఒత్తిగిలిస్తే కొంత తగ్గుతుంది. రెండేసి గంటలకు అలా తిప్పితే పుండ్లూ పడవు.

కదిపినప్పుడు మొహం చిట్లిస్తున్నారా? అది నొప్పే. మార్ఫిన్ గురించి డాక్టర్ని అడగండి. తగిన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక దాన్ని ఇవ్వడం సులువైంది, అయినా అడిగితేగానీ రాయని చోట్లున్నాయి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో ఇలా నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగమే ఉంది.

ఇంకో మాట. మంచం పక్కన పొలం పంపకాల ముచ్చట్లు పెట్టే బంధువుల్ని వరండాలోకి పంపండి. పలక్కపోయినా ఆయనకు వినబడుతుండొచ్చు. రాత్రిళ్లు వంతులు వేసుకోండి, మీరూ వేళకింత తినండి.