థైరాయిడ్ గోలి ఒంట్లో ఏం చేస్తుంది?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా అత్తమ్మ శానా ఏండ్ల సంది థైరాయిడ్ గోలి వేసుకుంటున్నది. పొద్దుగాల గోలి మింగంగనే పాలు ఎక్కువేసిన చాయ్ తాగుతది. మొన్న డాక్టర్ డోసు 75 నుంచి 100 చేసిండు. వారం దాటినా నీరసం తగ్గలేదు, ఇగ గోలి బందు పెడతా అంటున్నది. అసలు ఇది లోపలికి పోయి ఏం చేస్తది? మా పక్కింటి ఖాలా కూడా ఇదే వేసుకుంటది. రోజాల్లో ఎప్పుడు వేసుకోవాలె?
- ఒక కోడలు, ఇంజిన్‌బౌలి, ఫలక్‌నుమా

జవాబు: గోలి మాత్రం బందు పెట్టనివ్వకండమ్మా. వారంలో తేడా తెలియకపోవడం మామూలే. ఎందుకో చెబుతాను, అత్తమ్మకు కూడా చదివి వినిపించండి.

ఆ గోలిలో ఉండేది టీ4, అంటే థైరాక్సిన్ అనే హార్మోన్. దానికి నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. శరీరంలోని ఎంజైములు అందులో ఒకటి తీసేస్తే టీ3 అవుతుంది. పని చేసేది ప్రధానంగా ఈ టీ3యే. అది కణంలోకి, అక్కడి నుంచి కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ డీఎన్‌ఏ మీద ముందే కూర్చుని ఉన్న రిసెప్టర్ అనే ప్రొటీన్‌లో చేరుతుంది. టీ4 కూడా అదే చోట చేరగలదు గానీ దానికి పట్టు చాలా తక్కువ.

ఈ రిసెప్టర్ ఏ ప్రొటీనో 1986లో తేలింది. హార్మోన్‌ను పట్టుకున్నప్పుడు దాని రూపం ఎలా ఉంటుందో 1995లో తెలిసింది. హార్మోన్ దానికి పైపైన అంటుకుని లేదు. గుప్పిట్లో చింతగింజలాగా ప్రొటీన్ నడిమధ్యలో మూసుకుపోయి ఉంది. హార్మోన్ లోపలికి చేరగానే ప్రొటీన్ చివరి భాగం దాని మీదికి వాలుతుంది. దాంతో రిసెప్టర్ ఆకారం మారి, అప్పటిదాకా జన్యువులను అణచిపెట్టిన ప్రొటీన్లు వదిలిపోతాయి, ఆ జన్యువులను పనిలోకి దించే ప్రొటీన్లు వచ్చి చేరతాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హార్మోన్ రాకపోతే రిసెప్టర్ ఊరికే కూర్చోదు. చాలా జన్యువులను నొక్కిపెట్టే ఉంచుతుంది. థైరాయిడ్ లోపంలో ఒళ్లంతా మందగించడానికి ఇది పెద్ద కారణం.

జన్యువులు మేల్కొని, వాటి నుంచి కొత్త ప్రొటీన్లు తయారవడానికి సమయం పడుతుంది. పైగా రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి, మార్చిన డోసు నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేస్తారు. అంతదాకా ఓపిక పట్టాలి.

ఇక చాయ్. పాలు, కాఫీ వంటివి పేగుల్లో గోలిని సరిగ్గా ఇంకనివ్వవు. పరగడుపున మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తాగమనండి. క్యాల్షియం, ఐరన్ గోలీలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డోసు పెంచాల్సి రావడానికి ఈ చాయే కారణం కావచ్చు. డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే గోలి మింగగానే చాయ్ తాగడం మానాక 100 ఎక్కువ కావచ్చు.

ఖాలాగారు సహరీకి అరగంట ముందైనా వేసుకోవచ్చు, ఇఫ్తార్ తిన్న మూడు నాలుగు గంటలకు పడుకునే ముందైనా వేసుకోవచ్చు. ఏదో ఒక వేళకే కట్టుబడాలి.

ప్రశ్న: మా నాన్నగారికి ఫ్యాటీ లివర్ ఉంది. థైరాయిడ్ రిసెప్టర్ మీద పనిచేసే లివర్ మందు వచ్చిందని చదివాను. ఆయన ఎలాగూ థైరాయిడ్ గోలి వేసుకుంటారు. అదే రెండు వేస్తే సరిపోదా?
- ఒక డిగ్రీ విద్యార్థి, జహానుమా

జవాబు: వద్దు నాయనా, అలా చేస్తే గుండె దెబ్బతింటుంది.

థైరాయిడ్ రిసెప్టర్లు ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. గుండెలో ఆల్ఫాది పెత్తనం, కాలేయంలో బీటాది. టీ3 రెండింటినీ దాదాపు సమానంగా పట్టుకుంటుంది. కాబట్టి కాలేయం కోసం గోలి పెంచితే గుండె వేగం పెరుగుతుంది, లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. అమెరికాలో గుండెపోటు వచ్చిన పురుషులకు కొలెస్ట్రాల్ తగ్గించాలని డెక్స్ట్రోథైరాక్సిన్ అనే థైరాక్సిన్ రకం మందు ఇచ్చి చూశారు. మరణాలు ఎక్కువగా కనబడటంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ సంగతి 1972లో ప్రచురించారు.

ఆల్ఫా, బీటా రిసెప్టర్లలో హార్మోన్ చేరే చోటు దాదాపు ఒకేలా ఉంటుంది. తేడా ఒక్క అమైనో ఆమ్లం. ఆల్ఫాలో సెరీన్ ఉన్న చోట బీటాలో ఆస్పరజీన్ ఉంటుంది. ఆ ఒక్క తేడాను పట్టుకుని, బీటాకే ఎక్కువగా అమరే అణువుల కోసం రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికారు. ఎప్రోటిరోమ్ అనే మందు మనుషుల మీద ప్రయోగాల దాకా వచ్చింది. కానీ కుక్కల్లో మృదులాస్థి దెబ్బతిన్నట్టు తేలడంతో 2012లో ఆగిపోయింది. మీరు చదివినది అలాంటిదే అయిన రెస్మెటిరోమ్ గురించి అయి ఉంటుంది. దానికి అమెరికాలో 2024 మార్చిలో అనుమతి దొరికింది. 966 మంది పాల్గొన్న పరీక్షలో కాలేయపు వాపు జబ్బు నయమైనవారు 80 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 25.9 శాతం, 100 తీసుకున్నవారిలో 29.9 శాతం, ఉత్తుత్తి గోలి తీసుకున్నవారిలో 9.7 శాతం. మంచి ఫలితమే, కానీ ఎక్కువమందికి అది చాలలేదని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి. పైగా ఆ మందు కాలేయంలో మచ్చలు మధ్యస్థం నుంచి ముదిరిన దశలో ఉండి, సిర్రోసిస్ ఇంకా రానివారికే. దాన్ని కూడా ఆహార నియమం, వ్యాయామంతో పాటే వాడాలి.

నాన్నగారి జబ్బు ఏ దశలో ఉందో ముందు లివర్ డాక్టరు చేత తేల్చుకోండి. థైరాయిడ్ డోసు జోలికి మాత్రం మీరు వెళ్లకండి.

ప్రశ్న: జిమ్‌లో కొవ్వు కరిగించే క్యాప్సూల్స్ ఇచ్చారు. డబ్బా మీద టిరాట్రికాల్ అని ఉంది. వాడొచ్చా?
- ఒక యువకుడు, చాంద్రాయణగుట్ట

జవాబు: వాడకండి. అది టీ3 నుంచి పుట్టే పదార్థమే, అవే రిసెప్టర్లను పట్టుకుంటుంది. అరుదైన ఒక జబ్బుకు డాక్టర్ల పర్యవేక్షణలో వాడే మందు అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బరువు తగ్గడానికి మింగితే గుండె దడ, వణుకు వస్తాయి, కండ కరుగుతుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే ఆపేసి, ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. డబ్బా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా చెల్లెలికి పాప పుట్టింది. మడమలో సూది గుచ్చి థైరాయిడ్‌కు రక్తం తీస్తామన్నారు. పాప బాగానే ఉంది కదా అని అమ్మ వద్దంటోంది.
- ఒక అక్క, షాలిబండ

జవాబు: తీయనివ్వండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డ మొదటి వారాల్లో చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. పైన చెప్పిన, హార్మోన్ చేరని రిసెప్టర్లు మాత్రం ఆ సమయంలోనే మెదడు ఎదుగుదలకు కావలసిన జన్యువులను అణచిపెడుతుంటాయి. ఆ నష్టం తర్వాత పూడదు. మన హైదరాబాద్‌లోనే నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువులను పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 1,700 మందిలో ఒకరికి ఈ లోపం కనబడింది. ఇది చాలా ఎక్కువ.

రక్తం పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే మంచిది. లోపం ఉన్నట్టు తేలితే రెండు వారాలు నిండకముందే మందు మొదలవ్వాలి. అమ్మగారికి ఈ మాట చెప్పండి: సూది నొప్పి ఒక్క నిమిషం, మందు ఆలస్యమైతే నష్టం బతుకంతా. ఒకవేళ మందు రాస్తే గోలిని నలిపి, చెంచాడు నీళ్లలో గానీ తల్లిపాలలో గానీ కలిపి పట్టండి. సీసా పాలలో కలపకండి, బిడ్డ సగం వదిలేస్తే మందు కూడా సగమే అందుతుంది.