పావురమునకు ఆయాసము: గుర్తించు విధము, చికిత్స

మన గ్రామములలో పావురములను పెంచు అలవాటు నేటిది కాదు. పెంకుటింటి చూరు క్రింద కుండలు కట్టి పెంచువారు కొందరు. మేడపై కొయ్యపెట్టెలు పేర్చి, సాయంకాలమున పక్షులను ఎగురవేసి ఆనందించువారు మరికొందరు. పొరుగున నున్న ఒడిశాలో పోలీసు శాఖ 1946లో వార్తాహర పావురముల దళమును నెలకొల్పినది. 1999 నాటి పెనుతుపానులో టెలిఫోను మార్గములు తెగిపోయినప్పుడు ఆ పక్షులు వార్తలను చేరవేసినవి. మన పల్లెలలో ఈ పెంపకము చాలవరకు వినోదము కొరకే యైనను, పెంచువారికి వానిపై గల మమకారము తక్కువైనది కాదు.

ఇట్టి ఇండ్లలో ఒక పావురము నోరు తెరచి ఎగశ్వాస తీయనారంభించినచో, యజమాని సాధారణముగా చేయు పని యొక్కటే. మందుల దుకాణమునకు పోయి, మనుష్యులకిచ్చు మాత్రయో, కోళ్లకిచ్చు పొడియో తెచ్చి నీటిలో కలుపును. ఒక్కొక్కప్పుడు పక్షి కోలుకొనును. అనేక పర్యాయములు అది చచ్చును. దాని వెంట మరికొన్ని చచ్చును. దీనికి కారణము మందు మంచిది కాకపోవుట కాదు. ఆయాసము ఒక వ్యాధి కాదు. అది పెక్కు వ్యాధులకు ఉమ్మడి గుర్తు. ఒక వ్యాధిని కుదుర్చు మందు వేరొక వ్యాధిలో నిష్ప్రయోజనమగును, ఒక్కొక్కయెడ హాని చేయును. కావున ముందు కారణమును తెలిసికొని, పిదప మందు వాడవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్య విషయమిదియే.

పెంచువారి సొంత వ్యవహారమును పంచాయతీ సభ్యులకు ఏల చెప్పుచున్నారని కొందరు అడుగవచ్చును. పావురముల వ్యాధులలో ఒకటి మనుష్యులకు సంక్రమించును. ఒకటి కోళ్లకు పాకవచ్చును. మరియొకటి దోమల మూలమున వ్యాపించును. ఈ మూడును గ్రామ క్షేమమునకు సంబంధించినవే.

పక్షి ఊపిరి తీయు విధము

మనకు రొమ్మునకును పొట్టకును నడుమ ఉదరవితానమను కండరపు పొర గలదు. పక్షికి అది లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి. వెన్నునంటి కదలకుండ నుండును. వానికి తోడుగా పావురమునకు తొమ్మిది గాలితిత్తులు కలవు. రొమ్ము ఎముక క్రిందికి పైకి కదలినప్పుడే ఈ తిత్తులలో గాలి ఆడును. కావున ఆయాసపడు పక్షిని రొమ్ము నొక్కి పట్టుకొన్నచో, ఊపిరాడక చేతిలోనే ప్రాణము విడువవచ్చును. రెక్కలను వీపుపై కూర్చి, రొమ్మునకు వత్తిడి తగులకుండ మెత్తగా పట్టవలెను.

గాలితిత్తులకు రక్తప్రసారము స్వల్పము. అందుచేత అచ్చట పుట్టిన రోగము త్వరగా బయటపడదు. మందు కూడ అచ్చటికి సులభముగా చేరదు. పైగా పక్షి తన బలహీనతను దాచుకొను స్వభావము గలది. మనకు ఆయాసము కనబడునప్పటికి వ్యాధి ముదిరియుండుట సామాన్యము.

పరీక్షించు వరుస

మొదట పక్షిని ముట్టక దూరము నుండి చూడవలెను. విశ్రాంతిగా నున్న పావురము నిమిషమునకు సుమారు 25 నుండి 30 పర్యాయములు ఊపిరి తీయును. నోరు మూసియే యుండును. ప్రతి శ్వాసకును తోక పైకి క్రిందికి ఊగుచున్నచో అది కష్టముతో ఊపిరి తీయుచున్నదని గ్రహింపవలెను. ఎండలో నున్న పక్షియు, ఎగిరి వచ్చిన పక్షియు నోరు తెరచుట సహజము. నీడలో అరగంట యుంచిన పిమ్మటను ఆయాసము తగ్గనిచో రోగమని యెంచవలెను. పావురపు ఒంటివేడి సహజముగా 41 నుండి 42 డిగ్రీల సెల్సియస్ ఉండును గనుక చేతికి వేడిగా తోచినంత మాత్రమున జ్వరమని భ్రమపడరాదు.

తరువాత పక్షిని మెల్లగా పట్టి, చెవి దగ్గర నుంచి, గురగుర శబ్దముగాని ఈలవంటి శబ్దముగాని కలదేమో వినవలెను. కన్నులు చెమర్చుచున్నవా, రెప్పలు వాచినవా అని చూడవలెను. ముక్కు మొదట నుండు తెల్లని కండ ఆరోగ్యవంతమైన పక్షిలో సున్నము వలె నుండును. జలుబు చేసిన పక్షిలో అది మాసి బూడిదరంగు నొందును. పిదప వెలుతురులో నోరు తెరచి గొంతును తప్పక పరీక్షింపవలెను. తుదకు రెట్టను, మేతను, నీటి పాత్రను, గూటిని చూడవలెను. పక్షిలో కానరాని కారణము పెక్కుసార్లు మేతగంపలో కానవచ్చును.

మూడు ఇండ్లు, మూడు కారణములు

ఒకే గ్రామమున మూడు ఇండ్లలో మూడు పావురములు ఆయాసపడుచున్నవని అనుకొందము.

మొదటి ఇంట రోగము వచ్చినది మూడు వారముల పిల్లకు. నోరు తెరచి చూడగా గొంతులో పసుపుపచ్చని జున్ను వంటి గడ్డ కనబడినది. ఇది ట్రైకోమోనాస్ అను సూక్ష్మజీవి వలన కలుగును. ఇది పెక్కు పెద్ద పావురముల గొంతులో హాని చేయకయే నివసించును. తల్లిదండ్రులు మెడలోని సంచి నుండి పిల్లలకు అందించు పాలతోను, అందరు త్రాగు నీటితోను వ్యాపించును. గడ్డ పెరిగి గాలి త్రోవను మూసివేయుటచే పిల్లకు ఊపిరి యాడదు. గొంతు నుండి తీసిన తడిని వెంటనే సూక్ష్మదర్శినిలో చూచినచో కదలాడు జీవులు కనబడును. మశూచిలోను నోటియందు పసుపు పొరలు పుట్టును. కాని ఆ పొరలు గట్టిగా అంటియుండును, లాగినచో రక్తము స్రవించును. చాలసార్లు కన్నుల చుట్టును, కాళ్లపైనను పొక్కులు కూడ ఉండును. పొర ఏదైనను గోటితో పెరుకరాదు.

రెండవ ఇంట పెద్ద పావురము. గొంతు శుభ్రముగా నున్నది, కన్నులు తేటగా నున్నవి, గురగుర లేదు. కాని పక్షి నానాటికి చిక్కిపోవుచు, నోరు తెరచి నిశ్శబ్దముగా ఎగశ్వాస తీయుచున్నది. మేతగంపలో చేయి పెట్టగా వానకు తడిసిన మొక్కజొన్నలు బూజుపట్టి ముక్కవాసన కొట్టుచున్నవి. ఆస్పర్‌జిల్లస్ అను బూజు ఊపిరితో లోనికి పోయి గాలితిత్తులలో పెరిగినందున ఈ స్థితి కలిగియుండవచ్చును.

మూడవ ఇంట పక్షికి ఒక కన్ను మాత్రమే చెమర్చి వాచియున్నది. తుమ్ములు కలవు; ముక్కు మీది కండ మాసినది; ఊపిరిలో గురగుర వినబడుచున్నది. ఇట్టి గుర్తులు మైకోప్లాస్మా వలన కలుగవచ్చును. క్లమీడియా సిట్టాసి అను సూక్ష్మక్రిమి వలనను కలుగవచ్చును. వీనిని కంటితో చూచి వేరుపరచుట సాధ్యము కాదు; ప్రయోగశాలలో పరీక్షింపవలెను. రెండవ క్రిమి మనుష్యులకు సోకునట్టిది గనుక ఈ మూడవ ఇంటి విషయమున మిక్కిలి జాగరూకత అవసరము.

మందు మారినచో కలుగు కీడు

మొదటి ఇంటికి మెట్రొనిడజోల్ వంటి మందు పనిచేయును. అది రెండవ ఇంటి బూజును ఏమియు చేయదు. మోతాదు మించినచో నరములను దెబ్బతీయును. మూడవ ఇంటికి డాక్సీసైక్లిన్ తగినది. దానినే రెండవ ఇంట వాడినచో బూజు చావకపోగా, దానిని అదుపులో నుంచు మేలుచేయు సూక్ష్మజీవులు నశించి అది మరింత విజృంభింపవచ్చును. బూజునకు వేరు మందులు కలవు. ముదిరిన పిదప అవియు కష్టముగానే ఫలించును. మశూచికి మందే లేదు. పక్షికి ఆహారము, నీరు, శుభ్రత సమకూర్చి కొన్ని వారములు కాపాడుటయే చికిత్స.

మోతాదు సంగతియు గమనింపదగినది. పావురపు బరువు సుమారు 350 గ్రాములు. కిలో బరువునకు 25 మిల్లీగ్రాముల చొప్పున డాక్సీసైక్లిన్ ఇచ్చినచో ఒక పక్షికి ఒక పర్యాయమునకు 9 మిల్లీగ్రాములకు మించదు. మనుష్యులకిచ్చు గొట్టము మాత్ర 100 మిల్లీగ్రాములది. అనగా ఒక మాత్ర పదకొండు పక్షుల మోతాదు. కంటి అంచనాతో చిటికెడు కలుపుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును. అదియు గాక, ఈ మందు వాడు దినములలో ఆల్చిప్పల పొడి, సున్నపు గుల్లలు తీసివేయవలెను. వానిలోని కాల్షియము మందును పట్టియుంచి ఒంటికి చేరనీయదు. గుణము కనబడినదని మూడవనాడే మానరాదు. క్లమీడియాకు చికిత్స వారముల తరబడి సాగవలెను. పశువైద్యుడు వ్రాసి యిచ్చిన మందును, వ్రాసిన దినముల వరకు వాడుటయే సరియైన పద్ధతి.

వైద్యుడు వచ్చులోగా ఇంట చేయదగినవి కొన్ని కలవు. జబ్బు పక్షిని వేరు చేసి గాలి తగులు నీడలో వెచ్చగా నుంచవలెను. దాని నీటి పాత్ర వేరుగా నుండవలెను. బూజు మేతను వెంటనే పారవేయవలెను. కషాయములు, నూనెలు నోట బలవంతముగా పోయరాదు. గాలి త్రోవ నాలుక మొదటనే యుండుటచే అవి ఊపిరితిత్తులలోనికి పోవును. పావురపు పిల్లకు నోటితో మేత నందించు అలవాటు కొందరికి గలదు. దానిని పూర్తిగా మానవలెను.

మనుష్యులకు కలుగు ముప్పు

క్లమీడియా క్రిమి ఎండిన రెట్ట ధూళితో మనిషి ఊపిరిలోనికి చేరును. సాధారణముగా ఒకటి రెండు వారములలో జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు కలుగును. అశ్రద్ధ చేసినచో న్యుమోనియాగా మారును. తగిన మందు గల రోగమే యైనను, వైద్యునికి అనుమానము కలుగవలెను గదా! కావున పావురములున్న ఇంటివారు దగ్గుతో వైద్యుని చూడబోయినప్పుడు ‘మా యింట పక్షులు కలవు’ అని తప్పక చెప్పవలెను. ఈ ఒక్క మాట ప్రాణము నిలుపవచ్చును.

క్రిమి లేకున్నను ముప్పు కలదు. ఏండ్ల తరబడి రెట్ట ధూళిని, ఈకల పొడిని పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు వాచు వ్యాధి కలుగును. దీనిని 1965లో అమెరికా వైద్యులు పావురముల పెంపకందారుల వ్యాధిగా వర్ణించిరి. గూడు శుభ్రపరచిన కొన్ని గంటలకు దగ్గు, చలి, ఆయాసము వచ్చి మరునాటికి తగ్గుట దీని గుర్తు. జలుబేయని ఉపేక్షించినచో ఊపిరితిత్తులు శాశ్వతముగా గట్టిపడవచ్చును. గూటిని ఊడ్చుటకు ముందు రెట్టపై నీరు చల్లవలెను. ముక్కునకు, నోటికి మాస్కు కట్టవలెను. పని ముగిసిన పిదప చేతులను సబ్బుతో కడుగవలెను. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసము గలవారు ఆ పనికి దూరముగా నుండవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

పావురముల మెడ మెలిదిరుగుట, నీళ్లవలె రెట్ట వేయుట, మేతగింజను ముక్కుతో సరిగా పట్టలేకపోవుట కనబడినచో అది కొక్కెర తెగులునకు చెందిన వైరసు కావచ్చును. 1927లో ఉత్తరాదిన రాణిఖేత్‌లో కనబడుటచే ఆ తెగులునకు రాణిఖేత్ వ్యాధి యను పేరు వచ్చినది. పావురముల గూటి నుండి అది కోళ్లకు పాకవచ్చును. ఒకేసారి పెక్కు పక్షులు చచ్చినచో పక్షి ఫ్లూను కూడ అనుమానింపవలెను. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో ఆ వ్యాధి కలిగించిన నష్టము మన యెరుకలోనిదే.

ఈ రెండు వ్యాధులును 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టపు పట్టికలో కలవు. అట్టి వ్యాధి యున్నదని అనుమానము కలిగినప్పుడు యజమాని గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలెననియు, అచ్చట నుండి సమీప పశువైద్యునికి వ్రాతమూలమున సమాచారము పోవలెననియు ఆ చట్టము ఏర్పరచినది. కావున కబురు తెచ్చినవానిని ‘పక్షులదేమున్నది’ అని త్రిప్పిపంపరాదు.

సభ్యులు చేయదగిన ఇతర కార్యములు స్వల్ప వ్యయముతో కూడినవే. పావురములు పెంచు ఇండ్ల పట్టికను వ్రాసి యుంచవలెను. పశువైద్యుని గ్రామమునకు పిలిపించి పెంపకందారులతో ఒకసారి సమావేశపరచవలెను. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్య సేవ లభించునని అందరికి తెలుపవలెను. ఒకటి రెండు పక్షులు చచ్చినప్పుడు, పశువైద్యుని సలహాపై, కళేబరమును ప్లాస్టిక్ సంచిలో కట్టి మంచుపై నుంచి ఆనాడే పరీక్షకు పంపు ఏర్పాటు చేయవలెను. పెక్కు పక్షులు హఠాత్తుగా చచ్చినచో ఎవరును ముట్టరాదు. వైద్యుడు వచ్చువరకు ఆగవలెను. ఆ పిమ్మట వైద్యుని ఆదేశము ప్రకారము లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పింపవలెను. చెరువులో గాని, పెంటకుప్పపై గాని పడవేయనీయరాదు. మశూచిని మోయునది దోమయే గనుక మురుగు నిలువకుండ చూచుట మనుష్యులకును పక్షులకును మేలు. సంతలో కొన్న క్రొత్త పక్షిని ముప్పది దినములు వేరుగా నుంచుమని పెంపకందారులకు బోధింపవలెను.

పావురముల పెంపకమును మాన్పించుట మా ఉద్దేశము కాదు. పొడిగా నుండు గూడు, ఎండిన మేత, నిత్యము కడిగిన నీటి పాత్ర, కిక్కిరియని పక్షులు ఉన్నచోట ఈ వ్యాధులలో పెక్కింటికి తావే యుండదు. వ్యాధి వచ్చిన నాడు మందుల దుకాణమునకు పరుగిడక, ముందు పక్షి గొంతును, మేతగంపను చూచి, పిదప వైద్యుని పిలుచు అలవాటు గ్రామమున నెలకొన్ననాడు పక్షియు బ్రతుకును, పెంచిన కుటుంబమును క్షేమముగా నుండును. ఈ అలవాటును నేర్పు పెద్దరికము పంచాయతీ సభ్యులదే.