పోటీ పరీక్షల ప్రత్యేకం: బానిసత్వ రద్దు, స్వెట్‌షాపులు

బ్రిటన్ పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. బానిసత్వాన్ని మాత్రం 1833 చట్టంతో రద్దు చేసింది (అమలు: 1834 ఆగస్టు 1). అభ్యర్థులు తడబడేది ఈ తేడా దగ్గరే. పరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు, అదీ యజమానులకు! విముక్తులకు దక్కింది ‘అప్రెంటిస్’ పేరిట మరికొన్నేళ్ల చాకిరీ. 1838లో గానీ అది ముగియలేదు. భారత్‌లో బానిసత్వానికి చట్టబద్ధతను తొలగించింది 1843 నాటి 5వ చట్టం.

స్వెట్‌షాపుల (అతి తక్కువ కూలికి, దారుణ పరిస్థితుల్లో పని చేయించుకునే కర్మాగారాల) సంగతి వేరు. మనిషిపై యాజమాన్య హక్కు ఉండదు కాబట్టి ఒక్క చట్టంతో రద్దు చేయడానికేమీ లేదు. బ్రాండు ఒక దేశంలో, కుట్టుమిషన్ ఇంకో దేశంలో, నడుమ సబ్ కాంట్రాక్టర్లు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సావర్‌లో దుస్తుల కర్మాగారాలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా కార్మికులను లోపలికి పంపారు. ఆ తర్వాతే బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య ‘అకార్డ్’ భద్రతా ఒప్పందం కుదిరింది.

ఇక మన దేశంలో కీలకం, నిర్బంధ చాకిరీని నిషేధించే రాజ్యాంగంలోని 23వ అధికరణ. ఆసియాడ్ కార్మికుల కేసులో (పీయూడీఆర్, 1982) సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడమూ నిర్బంధ చాకిరీయేనని తేల్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976 నాటిది.