ఆడీ మర్ఫీ: రణరంగం నుంచి వెండితెరకు

గ్రూప్స్ రాసేవారు గుర్తుంచుకోవాల్సిన పేరు ఆడీ మర్ఫీ. 1945 జనవరి 26న ఫ్రాన్స్‌లోని హోల్ట్స్‌విర్ వద్ద, మంటలంటుకున్న యుద్ధవాహనం పైకెక్కి, కాలికి గాయమైనా మెషిన్‌గన్‌తో సుమారు గంటసేపు జర్మన్ సేనలను నిలువరించారు ఈ టెక్సాస్ కౌలురైతు బిడ్డ. అమెరికా అత్యున్నత శౌర్య పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది. తర్వాత 40కి పైగా చిత్రాల్లో నటించారు. ‘టు హెల్ అండ్ బ్యాక్’ (1955)లో తన పాత్రను తానే పోషించడం అరుదైన విశేషం. 1971 మే 28న విమాన ప్రమాదంలో మరణించారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో మెడల్ ఆఫ్ ఆనర్ గ్రహీతల సమాధి రాళ్లపై సాధారణంగా బంగారు అక్షరాలుంటాయి. మర్ఫీ కోరిక మేరకు ఆయనది మామూలు రాయే.

ఇలాంటి శౌర్యానికే మన దగ్గర 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబుకు మహావీర్ చక్ర లభించింది. ఆయన విగ్రహాన్ని ప్రథమ వర్ధంతి నాడు సూర్యాపేటలో ఆవిష్కరించారు. రెండు పురస్కారాలనూ, ఆయా ఘటనల తేదీలతో సహా రాసిపెట్టుకోండి.